అతని ఊరు తెలుసు, బండి నంబరు తెలియదు

ఆవిడంటే నాకు అసూయ. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. అప్పట్లో మాత్రం దానికి రకరకాల పేర్లు పెట్టుకునేదాన్ని. చిరాకు అనుకునేదాన్ని, ఒంట్లో వేడి అనుకునేదాన్ని, షార్జా ఉక్కపోత అనుకునేదాన్ని. మా ఆయన ఒక్కడే దాన్ని అసలు పేరుతో పిలిచాడు. అందుకు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఎనభైల మొదట్లో మాట. షార్జాలో రోలా దగ్గర రెండు గదుల ఫ్లాటులో రెండు సంసారాలం ఉండేవాళ్ళం. ఒక గది మాది, ఒక గది వాళ్ళది, వంటిల్లు ఇద్దరికీ కలిపి. మాది కోనసీమ, వాళ్ళది కరీంనగర్ జిల్లా. మగవాళ్ళిద్దరూ ఒకే కంపెనీలో చేసేవారు. మా ఆయన స్టోర్‌కీపరు, వాళ్ళాయన వెల్డింగ్ ఫోర్‌మన్. నాకంటే రెండేళ్ళు చిన్నది కాబట్టి ఆవిడ నన్ను "అక్కా" అనేది, చనువుగా "నువ్వు" అనేది. నేను మాత్రం "మీరు" అనేదాన్ని. గౌరవంతో కాదు, అంత దగ్గరికి రావద్దని.

ఆవిడకి ఉర్దూ వచ్చు. చిన్నప్పటినుంచి బజారులో వింటూ పెరిగిన భాష కాబట్టి రోలా వీధుల్లో ఆవిడ సొంత ఊళ్ళో తిరిగినట్టు తిరిగేది. రొట్టెల కొట్టు పఠాను ఆవిడని "బహెన్" అని పిలిచి, తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. నేను వెళ్తే వేళ్ళు చూపించాలి. ఒకటి కావాలంటే ఒక వేలు, నాలుగు కావాలంటే నాలుగు. కూరల కొట్టువాడు ఆవిడ సంచిలో వేసిన వంకాయలూ, నా సంచిలో వేసిన వంకాయలూ వంటింటి గట్టు మీద పక్కపక్కనే ఉండేవి. ఎవరివి ఏవో చూడగానే తెలిసిపోయేది. నాకు కళ్ళు కుట్టేవి.

ఫ్రిజ్ కూడా ఆవిడదే. మేం ఆ ఫ్లాటుకి వచ్చిన మొదటి రోజే తలుపు తీసి, మధ్య అర చూపించి, "ఈ అర నీది అక్కా, తీస్కో" అంది. రెండేళ్ళు ఆ అరలో పాలూ పెరుగూ పెట్టుకున్నాను. పెట్టినప్పుడల్లా అది ఆవిడ ఇచ్చిన అర అని గుర్తొచ్చేది. ఆవిడ మాత్రం ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

నాకు ఉన్నదీ, ఆవిడకి లేనిదీ ఒక్కటే, కుట్టుమిషను. మా అమ్మ వాడిన చేతి మిషను అది. కర్ర మూత, పక్కన తిప్పే పిడి. ఊరినుంచి వచ్చేటప్పుడు బట్టలు తగ్గించుకుని మరీ తెచ్చుకున్నాను. చుట్టుపక్కల ఉన్న మన ఆడవాళ్ళు జాకెట్ల కోసం మా గది తలుపు తట్టేవారు. ఆవిడా తట్టేది. "అక్కా, ఈ జాకిట్ జర ఒదులు చేస్తవా" అని గుమ్మంలో నిలబడేది. చేతిలో పనేమీ లేకపోయినా "రేపు చూద్దామండీ" అనేదాన్ని. ఆ మాట అన్న రోజు నాకు అన్నం బాగా సయించేది.

అలా ఉండగా కంపెనీ పని రువైస్ రిఫైనరీకి మారింది. సంసారాలు ఉన్నవాళ్ళకి అక్కడ క్వార్టర్లు ఇస్తామనీ, సామాను మాత్రం ఎవరిది వాళ్ళే చేరవేసుకోవాలనీ మా ముదీరు, అంటే కంపెనీ మేనేజరు, చెప్పాడు. మాకూ వాళ్ళకీ ఒకే వరసలో ఇళ్ళు వచ్చాయి. రువైస్ అంటే అబుదాబి దాటి ఇంకా మూడు గంటల దారి, రెండు పక్కలా ఇసుక. అక్కడ దర్జీ లేడని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. ఆ ఒక్క మాట నా మనసులో నాటుకుపోయింది. ఎవరికి ఉర్దూ వచ్చినా రాకపోయినా, జాకెట్టు కావాలంటే ఆ కాలనీలో అందరూ నా గుమ్మానికే రావాలి. గిన్నెలు కాగితాల్లో చుడుతున్నంతసేపూ అదే ఆలోచన. మంచాలు పోతే కింద పడుకోవచ్చు, మిషను లేకపోతే అక్కడ నన్ను పలకరించే దిక్కుండదు.

"ఇద్దరి సామాను ఒక్క బండిల పోతది అక్కా" అంది ఆవిడ, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ. "నాకు ఎర్కున్న లారీ పఠాన్ ఉన్నడు. మంచోడు. ముందుగాల పైసల్ అడగడు, సామాన్ దించినంకనే తీస్కుంటడు. మావోళ్ళను ఇద్దర్ని గిట్లనే అబుదాబికి దింపిండు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు కష్టమైంది. మళ్ళీ ఆవిడ మనిషి, ఆవిడ భాష, ఆవిడ బేరం. ఆ బండిలో కూడా నాకు మధ్య అర ఇస్తుంది, తీసుకోవాలి. "మేం వేరే చూసుకున్నామండీ" అన్నాను. ఎవరినీ చూసుకోలేదు.

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఆవిడ చెప్పిందే బావుంది కదా. కలిసి పోతే పోయేదేముంది?" అన్నాడు. నేను ఇంకో గిన్నె కాగితంలో చుట్టాను.

మర్నాడు రోలాలో ఒక ఇండియన్ కిరాణా కొట్టు ముందు నిలబడి మా ఆయనతో బండి గురించే గొణుగుతున్నాను. పక్కనుంచి ఒకతను, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నవ్వుమొహం, "అక్కగారిది ఏ ఊరండీ?" అన్నాడు.

ఆ "అండీ" వినగానే నా ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళయింది ఆ సాగదీత బయట విని. ఇక అక్కడే కొట్టు ముందు మొదలుపెట్టాను. ఏ ఊరు, ఏ వీధి, ఎవరబ్బాయివి, అమ్మగారి పుట్టిల్లు ఎక్కడ, అక్కచెల్లెళ్ళు ఎంతమంది, ఎవరెవరిని ఎక్కడెక్కడ ఇచ్చారు. అన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. మా పక్క ఊరేనట. లాకుల దగ్గర వంతెనకి ఎడమ పక్క ఏముంటుందని అడిగాను. "బజ్జీల బండి ఉండేదండి, ఇప్పుడు హోటలైపోయిందండి" అన్నాడు. నిజమే, మా తమ్ముడు ఉత్తరంలో రాశాడు. రేవు దాటడానికి పడవవాడు ఎక్కడ నిలబడతాడో కూడా చెప్పాడు. మన వైపు పిల్లనిచ్చే ముందు కూడా అన్ని ప్రశ్నలు వేయరు. అన్నిటిలోనూ నెగ్గాడు.

అతనికి సామాను చేరవేసే కంపెనీ ఉందట. "ఆయ్, మనోళ్ళ సామాను మనం చూసుకోపోతే ఎవరు చూస్తారండి?" అన్నాడు. పఠాను రేటని ఆవిడ చెప్పినదానికంటే తక్కువ చెప్పాడు. వచ్చి సామాను చూసుకోవయ్యా అంటే, "చూసేదేముందండి, సంసారం సామానే కదండి" అన్నాడు. కూలీలకీ పెట్రోలుకీ అని మొత్తం డబ్బు ముందే తీసుకుని రసీదు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు. పైన పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో కంపెనీ పేరు, కింద ఒక ఫోన్ నంబరు, గుండ్రటి ముద్ర. మా ఆయనని "బావగారూ" అన్నాడు. దాంతో ఆయనా మెత్తబడ్డాడు.

ఇంటికి రాగానే ఆ రసీదు వంటింటి గట్టు మీద, ఆవిడకి కనపడేటట్టు పెట్టాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని తీసి చూసింది, వెనక్కి తిప్పి చూసింది.

"అడ్రస్ ఏది అక్కా?"

"అతని అడ్రసు మా పక్క ఊరేనండీ" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆవిడ రసీదు మడిచి అక్కడే పెట్టేసింది. తర్వాత మిషను ఒక్క రోజు ఇవ్వమని అడిగింది. కొత్త ఇంటి కిటికీలు పెద్దవట, పరదాలకి అంచులు కుట్టుకోవాలట. మనసొప్పలేదు గానీ ఇచ్చాను. గురువారం సాయంత్రానికి తిరిగి కావాలని గట్టిగా చెప్పాను, ఎందుకంటే శుక్రవారం పొద్దున్నే ప్రయాణం. గురువారం సాయంత్రం అడిగితే, "ఇంకా రెండు పర్దలున్నయి అక్కా" అంది. గోడ అవతలనుంచి మిషను చప్పుడేమీ వినపడడం లేదు. పని లేకుండానే పక్కన పెట్టుకుని కూర్చుంది, నన్ను ఏడిపించడానికి, అనుకున్నాను. కడుపు మండిపోయింది.

శుక్రవారం తెల్లారగానే పఠాను లారీ వచ్చింది. తలుపు మీద పేరూ నంబరూ పెయింటు చేసి ఉన్నాయి. ఎన్నాళ్ళనుంచో తెలిసిన మనిషే అయినా, ఆవిడ లైసెన్సు చూపించమంది. అతను నవ్వుతూ చూపించాడు. బండి నంబరు క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంది. అట్టపెట్టెలన్నిటి మీదా అంకెలు వేసి, ఏ పెట్టెలో ఏముందో రెండు కాగితాల మీద రాసి, ఒకటి అతనికిచ్చి, రెండోది తన దగ్గర పెట్టుకుంది. వాళ్ళాయన డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఎంత అనుమానపు మనిషో అని నేను మెట్ల మీద నిలబడి మూతి తిప్పుకున్నాను. ఇప్పుడు ఇల్లు మారేవాళ్ళెవరైనా సలహా అడిగితే నేను చెప్పే జాగ్రత్తలన్నీ అవే, ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు. చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ ఊసెత్తను, అన్నీ నాకే తోచినట్టు చెప్తాను.

వాళ్ళ లారీ కదలకముందే మా బండి వచ్చింది, గంట ఆలస్యంగా. పెద్ద లారీ వస్తుందన్నాడు, పాత పికప్ వచ్చింది. మావాడు మరో ఇద్దరు కూలీలతో దిగి, "పెద్ద బండి అబుదాబి పక్కన ముసఫ్ఫాలో గ్యారేజీలో ఉందండి, అక్కడ అందులోకి మార్చేస్తామండి" అన్నాడు. మా ఆయన డ్రైవరు పక్కన కూర్చుంటానంటే, "ఆ వేడిలో మీకెందుకండి బావగారూ, అక్కగారితో హాయిగా టాక్సీలో రండి" అన్నాడు. కూలీలు యల్లా యల్లా అని తొందరపెడుతూ లెక్కాపత్రం లేకుండా ఎక్కించేస్తున్నారు. మంచాలు, ట్రంకు పెట్టెలు, ఆవకాయ జాడీ, మా అమ్మ ఉత్తరాలు పెట్టుకున్న బిస్కెట్ల డబ్బా.

ఆవిడ వీధి దాటి వచ్చి పికప్ డ్రైవరుని ఉర్దూలో ఏదో అడిగింది. అతను నవ్వుతూ జవాబిచ్చాడు. మళ్ళీ అడిగింది. ఈసారి నవ్వలేదు. మూడోసారి అడిగేసరికి, వినపడనట్టు తాళ్ళు బిగించడంలో పడ్డాడు. ఆవిడ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది.

"అక్కా, గ్యారేజ్ ఏడుందంటే చెప్తలేడు. ఈ బండి కూడ మీవోనిది కాదట. మా ఆయనను నంబర్ రాస్కొమ్మంటా?"

"మావాడు నాకు దొరికాడని మీకు కుళ్ళుగా ఉంది" అన్నాను. గట్టిగానే అన్నాను. పఠానుకి తెలుగు రాకపోయినా తల తిప్పి చూశాడు.

ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు అంతటితో ఆగాలనిపించలేదు. "నా మిషను ఇచ్చేయండి, ఎక్కించుకోవాలి" అన్నాను.

"పర్దలు సూది కిందనే ఉన్నయి అక్కా. నా బండిల తెస్త" అంది. అనేసి వెనక్కి చూడకుండా వెళ్ళి, మూత వేసిన మిషనుని తన చీర ముక్కతో అడ్డంగా, నిలువుగా ముడి వేసి, పరుపుల మధ్య పెట్టించింది.

నా వస్తువు, నా కళ్ళముందే, ఆవిడ బండిలోకి ఎక్కింది. కూలీలు తొందరపెడుతున్నారు, మా ఆయన టాక్సీ పిలిచాడు. అబుదాబి దాకా ఒకటే పోరు పెట్టాను. చూశారా, ఉంచేసుకుంది, ఇక ఇస్తుందా, అడిగితే ఇంకో పరదా అంటుంది. అబుదాబిలో టాక్సీ మారాక కూడా అదే. ఆయన ఇసుక చూస్తూ కూర్చున్నాడు. దారి పొడుగునా నేను భయపడింది ఆ ఒక్క వస్తువు గురించే. మిగతాది మావాడి చేతిలో భద్రంగా ఉందని నా ధైర్యం.

మధ్యాహ్నం మూడింటికి పఠాను లారీ రువైస్ చేరింది. పెట్టెలు అంకెల ప్రకారం దిగాయి. ఆవిడ కాగితం చూసి ఒక్కొక్కటీ కొట్టేసుకుంది, వాళ్ళాయన డబ్బిచ్చాడు, పఠాను టీ తాగి వెళ్ళిపోయాడు. మా బండి రాలేదు. ముసఫ్ఫాలో మార్చడం ఆలస్యమై ఉంటుందనుకున్నాం. ఖాళీ ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఆవిడ చాపలు పంపింది, అన్నం పంపింది. ఆ అన్నం తినకూడదనుకున్నాను. ఆకలి వేస్తూనే ఉంది, అందుకే తిన్నాను.

శనివారం పొద్దున మా ఆయన కంపెనీ ఆఫీసు నుంచి రసీదు మీది నంబరుకి ఫోన్ చేశాడు. అది షార్జాలో ఒక కిరాణా కొట్టుదట. ఆ పేరు గల కంపెనీ ఏదీ లేదనీ, ఎవరో తన నంబరు వేసుకుని తిరుగుతున్నారనీ, మా ఫోనే మొదటిది కాదనీ ఆ కొట్టాయన విసుక్కున్నాడు. మా ఆయన సెలవు పెట్టి షార్జా పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. బండి నంబరు అడిగారు. తెలియదు. డ్రైవరు పేరు? తెలియదు. కంపెనీ ఎక్కడ? తెలియదు. సామాను జాబితా ఉందా? లేదు. మరి ఏం తెలుసు అన్నారట. అతని ఊరు తెలుసు, వాళ్ళ నాన్న ఏం చేసేవాడో తెలుసు, పెద్దక్కని ఏ ఊరికిచ్చారో తెలుసు. మా ఆయన మాటలు అరబ్బీలో చెప్పే దుబాసీ అవన్నీ విని, పోలీసుకి చెప్పకుండా ఊరుకున్నాడట. ఆ ఊళ్ళో అలాంటి మనిషే లేడని తర్వాత మా తమ్ముడు ఉత్తరం రాశాడు.

ఆయన ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే "ఖలాస్" అన్నాడు. లేచి ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. నాకంటూ మిగిలింది ఒక్కటే, అది ఆవిడ దగ్గర ఉంది. ఇవ్వనంటే జుట్టు పట్టుకోవడానికైనా సిద్ధపడే వెళ్ళాను.

ఆవిడ ఇంట్లో కిటికీలన్నిటికీ పరదాలు వేలాడుతున్నాయి. ఆకుపచ్చవి. కుట్టుపని చేసే దాన్ని కాబట్టి నా కళ్ళు ముందు అంచులకే వెళ్ళాయి. అన్నిటికీ అంచులు మడిచి కుట్టి ఉన్నాయి. గోడ దగ్గర నా మిషను ఉంది. దాని మూత మీద చీర ముక్క అడ్డంగా, నిలువుగా, శుక్రవారం పొద్దున బండి ఎక్కించేటప్పుడు వేసిన ముడి వేసినట్టే ఉంది. ఇక్కడికొచ్చాక దాన్ని ఎవరూ విప్పలేదు.

నేను పరదాల వంకా, ఆ ముడి వంకా చూస్తూ నిలబడిపోయాను.

"ఎప్పుడు కుట్టారివి?" అన్నాను.

"బేస్తారం పొద్దుగాలనే అయిపోయినయి అక్కా."

"గురువారమే అయిపోతే, మరి సూది కింద ఉన్నాయన్నారు?"

"గట్ల చెప్పకుంటే నువ్వు ఇస్తుంటివా?" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే బతికిపోయేదాన్ని. "అంత సామాన్ ఆపుడు నాతోని కాకపాయె. గిదొక్కటే నా చేతుల ఉండె" అని, వంగి మిషనుని నా వైపు జరిపి, "తీస్కో" అంది.

అక్కడే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడవాలి. మంచి మనిషినైతే ఏడ్చేదాన్నే. నాకు ఏడుపు వచ్చింది గానీ అది వేరే ఏడుపు. ఉర్దూ ఆవిడదే, ఫ్రిజ్ ఆవిడదే, తెలివి ఆవిడదే, చివరికి మంచితనం కూడా ఆవిడకే ఉండాలా? నడివీధిలో అంత మాట అనిపించుకుని, ఆ వెంటనే నా వస్తువు కాపాడాలని అబద్ధం ఆడే మనసు నాకు లేదు. రాదు కూడా. ఇన్నాళ్ళూ వంకాయలకీ రొట్టెలకీ కుళ్ళుకున్నాను, అసలు కుళ్ళుకోవలసింది దీనికని అప్పుడు తెలిసింది. మిషను చంకలో పెట్టుకుని వచ్చేశాను. మా అమ్మది, నేను ఊరినుంచి మోసుకొచ్చినది, ఇప్పుడు అది కూడా ఆవిడ ఇచ్చినదే అయింది.

రువైస్‌లో నేను అనుకున్నట్టే అయింది. దర్జీ లేడు, అందరూ నా గుమ్మానికే వచ్చారు. ఆ డబ్బుతోనే మంచాలు కొన్నాం, గిన్నెలు కొన్నాం. నెల తిరక్కుండానే ఆవిడా వచ్చింది, చేతిలో జాకెట్టుతో. "అక్కా, జర ఒదులు చేస్తవా" అని, ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి అడిగింది.

నా చేతిలో పనేమీ లేదు. "రేపు చూద్దామండీ" అన్నాను.

ఆవిడ సరేనని వెళ్ళిపోయింది. తలుపు వేసి వెంటనే కూర్చుని కుట్టేశాను. కుట్టు మీద కుట్టు వేసి, ఎప్పుడూ ఎవరికీ కుట్టనంత శ్రద్ధగా కుట్టాను. ఇవ్వడం మాత్రం మర్నాడే ఇచ్చాను.